భుజం మీద చెయ్యి పడితే ఒళ్ళు కొయ్యబారిపోతోంది: స్పర్శ చికిత్సకు వెళ్ళాలా?

పొగడపూలు · జూన్ 14, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. నేను బడిలో తెలుగు చెబుతాను. పోయిన ఆగస్టులో ఘాట్ రోడ్డు మీద మేం ఎక్కిన బస్సు వానకు జారి, పక్కనున్న గట్టును గుద్దుకుని ఎడమవైపుకు ఒరిగిపోయింది. నాది కిటికీ పక్క సీటు. పక్కనున్న ఇద్దరూ నా మీద పడ్డారు. జనం వచ్చి బయటికి తీసేదాకా నలభై నిమిషాలు కదలడానికి లేదు. ఎముకలేవీ విరగలేదు. నుదుటి మీద ఆరు కుట్లు పడ్డాయి, ఎడమ భుజం కమిలింది, అంతే. చూడటానికి వచ్చినవాళ్ళంతా గండం గడిచిందన్నారు. నేనూ అలాగే అనుకుని మూడో వారానికి బడికి వెళ్ళిపోయాను.

గడవలేదని తర్వాత తెలిసింది. వెనక నుంచి ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే చాలు, ఒళ్ళు కొయ్యబారిపోతుంది. ఊపిరి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. వెనకగా వచ్చి నా భుజాల మీద వాలిపోవడం దానికి చిన్ననాటి అలవాటు. ఒకరోజు అలాగే వచ్చి వాలితే, నాకు తెలియకుండానే దాని చెయ్యి విదిలించి కొట్టాను. అది ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి నా దగ్గరకు వచ్చేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని వస్తోంది.

మా బడిలో ఒకావిడ ఒక కేంద్రం గురించి చెప్పారు. స్పర్శతో మనసు గాయాలు మాన్పుతారట. కండరాల్లో దాగిన దుఃఖం కన్నీళ్ళుగా బయటికి వచ్చేస్తుందట. పది సిట్టింగులు, ఒక్కోదానికి 3,500 రూపాయలు, మొత్తం ముందే కట్టాలి. ఇలాంటి చికిత్స ఎవరైనా చేయించుకున్నారా? ఇందులో నిజం ఎంత?

సందేహజీవి · జూన్ 14, రాత్రి 11:05

ముందుగా డబ్బు కట్టకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

స్పర్శ చికిత్స అనే పేరు కింద ఎన్నో రకాలు కలిసిపోయి ఉన్నాయి. ఒళ్ళు తాకకుండా, నాలుగు అంగుళాల ఎత్తున చేతులు ఆడించి "శక్తిని సరిచేస్తాం" అనేవాళ్ళు కూడా ఇదే పేరు వాడుకుంటారు. అమెరికాలో ఎమిలీ రోసా అనే తొమ్మిదేళ్ళ పాప బడి ప్రాజెక్టు కోసం దీన్ని పరీక్షించింది. అడ్డంగా ఒక అట్ట నిలబెట్టి, దాని రంధ్రాల్లోంచి చికిత్సకులను రెండు చేతులూ ఇవతలికి చాపమంది. నాణెం ఎగరేసి, ఏదో ఒక చేతికి దగ్గరగా తన చెయ్యి పెట్టి, ఏ చేతి దగ్గర ఉందో చెప్పమంది. 21 మంది, 280 ప్రయత్నాలు. సరిగ్గా చెప్పింది 44 శాతమే. కళ్ళు మూసుకుని ఊహించినా సగం సరిపోవాలి. 1998లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఇది అచ్చయింది.

మీరు చెప్పిన కేంద్రం వాళ్ళు ఏ రకమో నాకు తెలియదు. కానీ "కండరాల్లో దాగిన దుఃఖం" అనే మాట వినగానే నాకు భయం వేసింది.

నూనెదీపం · జూన్ 15, ఉదయం 6:10

అమ్మా, నీ పోస్టు చదివి రాత్రంతా మీ పాప చేతులే కళ్ళ ముందు మెదిలాయి. నాకు డెబ్బై దాటాయి, అందుకని నువ్వు అంటున్నాను.

మా చిన్నప్పుడు పిల్లలు దేనికైనా దడుచుకుంటే మా అమ్మమ్మ అరికాళ్ళకు ఆముదం రాసి, గుండెల మీద చెయ్యి వేసి జోకొట్టేది. దిష్టి కూడా తీసేది, అది వేరే సంగతి. ఊళ్ళో బాలింతలకు, పసిపిల్లలకు నూనె రాసి, సున్నిపిండితో నలిచి నీళ్ళు పోసేది కూడా ఆవిడే. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. నూనె రెండు అరచేతుల మధ్య రాసుకుని వెచ్చబరిచేది. ఆ పైన వెంటనే పిల్ల ఒంటి మీద చెయ్యి వేసేది కాదు. రెండు చేతులూ పిల్ల కళ్ళ ముందు ఆడించి, "వస్తున్నానే, వస్తున్నా" అనేది. పిల్ల ఆ చేతుల వంక చూసి కాళ్ళు ఆడించాకే మొదలుపెట్టేది. పిల్ల మొహం తిప్పుకుంటే తనూ ఆగేది.

దాన్ని చికిత్స అనే పేరుతో ఎవరూ పిలవలేదు. నీ భుజానికి అది సరిపోతుందని చెప్పగలిగే చదువు నాకు లేదు. ఆ చేతులు ముందుగా చూపించడం మాత్రం మరిచిపోలేక రాశాను.

విశాఖ ఫిజియో · జూన్ 15, మధ్యాహ్నం 1:40

పొగడపూలు గారూ, మీరు రాసినదాంట్లో నొప్పి అనే మాటే లేదు. నిజంగా లేదా, చెప్పుకోలేదా? ఎడమ చెయ్యి తలపైకి పూర్తిగా లేస్తోందా? మీ జడ మీరు వేసుకోగలుగుతున్నారా? ఆ పక్కకు ఒత్తిగిలి నిద్రపోగలుగుతున్నారా? దెబ్బ తగిలాక భుజాన్ని కదపకుండా కాపాడుకుంటూ ఉంటే అది నిదానంగా బిగుసుకుపోతుంది. దాన్నే ఫ్రోజెన్ షోల్డర్ అంటాం. మనసు సంగతి ఉన్నా సరే, ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించండి. భయం వెనక నొప్పి దాక్కోవచ్చు, నొప్పి వెనక భయమూ దాక్కోవచ్చు.

ప్రమాదాల నుంచి బయటపడి నా దగ్గరకు వచ్చినవాళ్ళతో నేను ఒక పద్ధతి పాటిస్తాను. ఎదురుగా కూర్చుంటాను. ఎక్కడ చెయ్యి వేయబోతున్నానో చెప్పి, చూపించి, సరే అన్నాకే వేస్తాను. చెయ్యి వేశాక నా చూపు భుజం మీద ఉండదు, వాళ్ళ ఊపిరి మీద ఉంటుంది. ఊపిరి ఆగితే నా చెయ్యి కూడా ఆగాలి. నోటితో ఫరవాలేదని చెబుతూనే ఊపిరి బిగబట్టేవాళ్ళు చాలా మంది. మనవాళ్ళకు మొహమాటం ఎక్కువ.

నా పని భుజం వరకే. ఆ నలభై నిమిషాల సంగతి చూడవలసినవాళ్ళు వేరే ఉన్నారు.

ఏటిగట్టు · జూన్ 15, రాత్రి 9:30

నేను క్లినికల్ సైకాలజిస్టును. ఇక్కడ రోగ నిర్ధారణ చేయను, చేయకూడదు. మీ ప్రశ్న మాత్రం చాలా మంచిది, అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదట ఆ "కండరాల్లో దాగిన దుఃఖం" సంగతి. ఈ ఆలోచనకు నూరేళ్ళ చరిత్ర ఉంది. ఫ్రాయిడ్ శిష్యుల్లో ఒకరైన విల్‌హెల్మ్ రైక్, అణిచిపెట్టుకున్న భావాలు ఒంట్లో కవచంలా బిగుసుకుంటాయన్నారు. ఆ బిగువును చేతులతో నొక్కి వదిలించే పద్ధతులు ఆయన నుంచే బయలుదేరాయి. అందులో గమనించదగ్గ విషయం ఉంది, పొరపాటూ ఉంది. కండరంలో జ్ఞాపకం నిల్వ ఉండదు. ప్రమాదాన్ని గుర్తుపట్టడం, బిగుసుకోమని కండరానికి చెప్పడం మెదడు నేర్చుకుంటుంది. మీ భుజం మీద చెయ్యి పడగానే మీరు ఆలోచించేలోపే మెదడు "బస్సు" అని అరుస్తోంది. అందుకే "భయం లేదు, ఇల్లే కదా" అని మీకు మీరు ఎంత చెప్పుకున్నా ఒళ్ళు వినడం లేదు. ఇది మీ బలహీనత కాదు.

రెండోది. శరీరం ఆధారంగా చేసే చికిత్సలన్నీ తాకి చేసేవి కావు. అమెరికాకు చెందిన పీటర్ లెవీన్ రూపొందించిన సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ ఎక్కువగా మాటలతోనే నడుస్తుంది. ఒంట్లో ఇప్పుడు ఏమవుతోంది, ఎక్కడ బిగువుగా ఉంది, ఎక్కడ నెమ్మదిగా ఉంది అని కొద్దికొద్దిగా గమనింపజేస్తారు. తాకడం అవసరమైతేనే. దీని మీద 2017లో ఇజ్రాయెల్‌లో 63 మందితో జరిగిన అధ్యయనంలో, చికిత్స కోసం వేచి ఉన్నవారికన్నా చికిత్స పొందినవారికి బాగా నయమైంది. ఆశ కలిగించే ఫలితమే, కానీ చిన్న అధ్యయనం.

గట్టి ఆధారాలున్నవి వేరే ఉన్నాయి. మనోగాయం మీదే దృష్టి పెట్టి చేసే ఆలోచనా ప్రవర్తనా చికిత్స ఒకటి. కళ్ళను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని చూసే ఈఎండీఆర్ రెండోది, దీన్ని 1987లో ఫ్రాన్సిన్ షపీరో మొదలుపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఈ రెండింటినీ సిఫారసు చేసింది. స్పర్శ ఒక్కటే మనోగాయాన్ని మాన్పుతుందనడానికి అంత బలమైన ఆధారం లేదు. పక్కన తోడుగా ఉండగలదు.

వెళ్ళే ముందు అడగవలసినవి చెబుతాను. వారు ఏం చదివారు? క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలిలో నమోదయ్యారా? ఒంటి మీద బట్టలు ఉండగానే చేస్తారా? మీ మనిషిని గదిలో ఉండనిస్తారా? మధ్యలో ఆపమంటే ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును, జవాబు చెప్పేటప్పటి మొహాన్ని రెండింటినీ చూడండి.

ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే 14416కు ఫోను చేయండి. టెలీ మానస్ అంటారు. ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించింది. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

తూర్పుగాలి · జూన్ 16, తెల్లవారుజామున 2:15

ఏటిగట్టు గారి చివరి ప్రశ్న చూసి పడుకోలేకపోయాను. నా సంగతి ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. ఊరు, పేరు రాయను.

నా మీద జరిగింది ప్రమాదం కాదు. మనిషి చేసినది. ఆ రోజు నేను అరవలేదు. చేతులు, గొంతు ఏవీ నా మాట వినలేదు. ఎందుకు అరవలేదని తొమ్మిదేళ్ళు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇలాంటి కేంద్రానికే వెళ్ళాను. మొదటి రెండు రోజులు బాగానే అనిపించింది. వెచ్చని దుప్పటి, మెత్తని మాటలు. మూడో రోజు ఆవిడ నా పొత్తికడుపు మీద చెయ్యి వేసి నొక్కారు. ఆపమన్నాను. "శరీరం ఎదురు తిరుగుతోంది, అంటే సరైన చోట పట్టుకున్నాం, కాసేపు ఓర్చుకోండి" అన్నారు. ఏడుపు వచ్చింది. "చూశారా, బయటికి వస్తోంది" అని సంతోషించారు. నేను ఏడ్చింది ఏదో బయటికి వచ్చి కాదు. వద్దన్నా ఆ చెయ్యి తీయలేదని. అచ్చం ఆ రోజులాగే.

ఆ తర్వాత ఆరు నెలలు ఎవరి దగ్గరకూ వెళ్ళలేదు. ఇప్పుడు చూపించుకుంటున్న సైకాలజిస్టు మొదటి నెలంతా నన్ను తాకలేదు. నేను కూర్చునే కుర్చీ ఎక్కడ వేసుకోవాలో నన్నే నిర్ణయించుకోమన్నారు. తలుపు పక్కన వేసుకున్నాను. భయం హద్దు దాటితే ఒళ్ళు తనంతట తానే బిగుసుకుపోతుందని, దెబ్బ తప్పించుకునే దారి లేనప్పుడు జంతువులకూ అలాగే అవుతుందని, నేను ఒప్పుకున్నందుకు కాదని ఆవిడ చెప్పిన రోజు ఇంటికి నడిచి వచ్చాను. నాలుగు కిలోమీటర్లు. బస్సు ఎక్కాలనిపించలేదు.

పొగడపూలు గారూ, వెళ్ళవద్దని చెప్పను. "ఆపండి" అంటే ఆగే చెయ్యి దొరికితేనే వెళ్ళండి.

సందేహజీవి · జూన్ 16, ఉదయం 7:50

తూర్పుగాలి గారూ, ఇది రాసినందుకు మీకు నమస్కారం. నేను లెక్కలు, పరీక్షలు అని మాట్లాడాను. దీని తర్వాత వాటికి కలపడానికి నా దగ్గర ఏమీ లేదు.

నిర్వాహకులు · జూన్ 16, ఉదయం 9:00

దయచేసి ఏ కేంద్రం పేరూ ఇక్కడ అడగవద్దు, రాయవద్దు. తూర్పుగాలి గారికి వ్యక్తిగత సందేశాలు పంపవద్దు. వారు కోరితే మేమే చెబుతాం.

గోథెన్‌బర్గ్ తెలుగమ్మాయి · జూన్ 17, సాయంత్రం 5:25

అందరికీ నమస్తే. స్వీడన్‌లో మా ఊరి విశ్వవిద్యాలయంలో స్పర్శ మీద ఏళ్ళుగా జరుగుతున్న పరిశోధన మీకు చెప్పాలనిపించింది. నేను నర్సును, ఒక ప్రసంగంలో విని ఆ తర్వాత వెతికి చదివాను.

చర్మంలో రెండు రకాల స్పర్శ ఉంటుంది. ఏది తగిలింది, ఎక్కడ తగిలింది అని క్షణంలో చెప్పేది ఒకటి. రెండోది నిదానంగా వెళ్ళే సన్నని నాడీ తంతువులది. ఇవి నూగు ఉండే చర్మంలో, అంటే ముంజేతి మీద, వీపు మీద ఎక్కువ. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో, ఒంటి వెచ్చదనం ఉన్న చెయ్యి నిమిరితే ఇవి బాగా పలుకుతాయి. దాని కన్నా వేగంగా రుద్దితే అంతగా పలకవు. పసిపిల్లలను నిమరమని తల్లిదండ్రులకు చెప్పి కొలిస్తే, ఎవరూ నేర్పకుండానే ఆ వేగంతోనే నిమిరారు. నూనెదీపం గారి అమ్మమ్మను ఎవరూ కొలిచి ఉండరు గానీ, నాకు ఆవిడే గుర్తొచ్చారు.

జబ్బు వల్ల మొదటి రకం తంతువులు పూర్తిగా పోయిన ఒకావిడను ఇక్కడివాళ్ళు పరీక్షించి 2002లో ప్రచురించారు. చేతి మీద మెత్తని కుంచెతో రాస్తే, తాకినట్లు స్పష్టంగా తెలియకపోయినా ఏదో హాయిగా ఉందని మాత్రం ఆవిడకు తెలిసింది.

అయితే ఎవరు నిమిరినా హాయి కాదు. అదే వేగం, అదే చెయ్యి, ఇష్టం లేనివారిదైతే ఒళ్ళు జలదరిస్తుంది. 2006లో అమెరికాలో 16 మంది పెళ్ళయిన స్త్రీలను ఎంఆర్‌ఐలో పడుకోబెట్టి, కాలికి చిన్న షాక్ తగలవచ్చని చెప్పి మెదడు చూశారు. ముక్కు మొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకున్నప్పుడు మెదడులో భయం కొంత తగ్గింది. భర్త పట్టుకున్నప్పుడు ఇంకా తగ్గింది. కాపురం ఎంత అన్యోన్యంగా ఉంటే అంత ఎక్కువగా తగ్గింది.

రైలుకూత · జూన్ 18, రాత్రి 8:45

నేను లోకో పైలట్‌గా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో నాలుగుసార్లు పట్టాల మీద మనుషులు నా కళ్ళ ముందే పోయారు. బ్రేకు వేయగలం. బండి మాత్రం వెంటనే ఆగదు. అంత బరువు ఆగాలంటే ఎంత దూరం పడుతుందో నడిపినవాడికే తెలుసు. వేశాక చేయడానికి ఇంకేమీ ఉండదు, చూస్తూ ఉండటమే.

మూడోసారి ఒక కుర్రవాడు. ఆ తర్వాత నా కుడి చెయ్యి పిడికిలి విప్పుకునేది కాదు. రాత్రి నిద్రలో కూడా బ్రేకు పట్టుకున్నట్లే ఉండేది. మా ఆవిడ ఏమీ అడగలేదు. గిన్నెలో వేడినీళ్ళు తెచ్చి నా చెయ్యి అందులో ముంచి, ఒక్కో వేలూ విప్పేది. చిటికెన వేలుతో మొదలుపెట్టేది. బొటనవేలు దాకా వచ్చేసరికి నీళ్ళు చల్లారిపోయేవి, మళ్ళీ తెచ్చేది. పదిహేను, ఇరవై రోజులు అలా చేసింది. ఒకరోజు ఉంగరపు వేలు దగ్గర నాకు ఏడుపు వచ్చింది. నలభై నాలుగేళ్ళ వయసులో, పిల్లలు పక్క గదిలో ఉండగా.

డాక్టరుకు కూడా చూపించుకున్నాను, మందులు వాడాను. ఏది పనిచేసిందని అడిగితే విడదీసి చెప్పలేను. మగవాళ్ళు కూడా చదువుతారేమోనని రాస్తున్నాను. మమ్మల్ని కరచాలనానికి తప్ప ఎవరూ తాకరు. మేమూ అడగం.

ఉప్పుగాలి · జూన్ 19, ఉదయం 11:30

2004 డిసెంబరు సునామీ తర్వాత ప్రకాశం జిల్లా తీరంలో వలంటీరుగా ఉన్నాను. మేం కౌన్సెలింగ్ కోసం కాగితాలు పట్టుకుని వెళితే ఆడవాళ్ళెవరూ మాట్లాడలేదు. సాయంత్రం ఒకరి వెనక ఒకరు కూర్చుని తలలు దువ్వుకుంటూ, పేలు చూసుకుంటూ మాత్రం సముద్రం గురించి మాట్లాడేవారు. మేం కాగితాలు పక్కన పెట్టి అక్కడ కూర్చోవడం నేర్చుకున్నాం.

ఆ సునామీ తర్వాతే తమిళనాడు పల్లెల్లో 150 మందికి లెవీన్ పద్ధతిలో చికిత్స చేసి, ఫలితాలు 2008లో ప్రచురించారు. చాలామందికి నెమ్మదించిందని రాశారు. పోల్చి చూడటానికి చికిత్స పొందని బృందం లేదు కాబట్టి, ఎంత భాగం చికిత్స వల్ల, ఎంత భాగం కాలం వల్ల అనేది తేలదు. ఇది కూడా చెప్పాలి కదా.

పొగడపూలు · జూలై 2, రాత్రి 9:50

ఇంతమంది రాస్తారని అనుకోలేదు. తూర్పుగాలి గారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. మీకు ఏమని రాయాలో ఇప్పటికీ తెలియడం లేదు.

ఆ కేంద్రానికి ఫోను చేసి, మధ్యలో ఆపమంటే ఏం చేస్తారని అడిగాను. "మా మీద నమ్మకం లేకపోతే చికిత్స పనిచేయదమ్మా" అన్నారు. ఫోను పెట్టేశాను.

ఎముకల డాక్టరు చూశారు. విశాఖ ఫిజియో గారు అన్నట్లు భుజం కొంత బిగుసుకుంది, చెయ్యి చెవి దాకానే లేస్తోంది. అవును, నొప్పి ఉంది. ఇన్నాళ్ళూ చెప్పుకోలేదు. 14416కు ఫోను చేస్తే మా జిల్లా ఆసుపత్రిలో ఎవరిని కలవాలో చెప్పారు. ఈఎండీఆర్ తెలిసిన సైకాలజిస్టు దొరికారు. వారానికి ఒకసారి వెళుతున్నాను.

విశాఖ ఫిజియో · జూలై 3, ఉదయం 8:00

సంతోషం. వ్యాయామం తర్వాత నొప్పి గంట దాటి ఉంటే తగ్గించమని మీ ఫిజియోకు చెప్పండి. ఓర్చుకోకండి.

పొగడపూలు · ఆగస్టు 9, రాత్రి 10:05

వాన మొదలయ్యాక కొంచెం వెనక్కి పడ్డాను. అద్దాల మీద నీళ్ళు కారుతుంటే చూడలేను. అయినా ఒకటి రెండు విషయాలు మీతో చెప్పుకోవాలి.

సైకాలజిస్టు మొదట నా కుడి చేతినే ఎడమ భుజం మీద వేసుకోమన్నారు. అది కూడా కష్టమైంది. తర్వాతి వారం మడతపెట్టిన తువ్వాలు భుజం మీద పెట్టి, దాని మీద నా చెయ్యి. ఆ తర్వాత నేను అడిగితే, ఎదురుగా కూర్చుని, తువ్వాలు మీద తన చెయ్యి. వేసే ముందు ఒక షరతు పెట్టారు: ఇబ్బంది ఉన్నా లేకపోయినా నేను మూడుసార్లు "ఆపండి" అనాలి. మొదటిసారి గొంతులోంచి రాలేదు. రోజుకు ఆరు పీరియడ్లు పాఠం చెప్పే గొంతు. రెండోసారి అన్నాను. చెయ్యి వెంటనే లేచింది. అప్పుడు నా ఊపిరి పొట్ట దాకా దిగింది, చాలా నెలల తర్వాత. నలభై నిమిషాల పాటు ఎవరికీ వినపడని మాట అదే అని నాకు అక్కడ కూర్చున్నప్పుడు తట్టింది.

మొన్న ఆదివారం మా అమ్మాయిని తలకు నూనె పెట్టమన్నాను. అద్దం ముందు కూర్చున్నాను, వెనక నుంచి వచ్చే చెయ్యి నాకు కనపడాలి కదా. నూనెదీపం గారూ, మీ అమ్మమ్మ సంగతి దానికి చెప్పాను. అది నూనె చేతులు రెండూ అద్దంలో నాకు చూపించి "వస్తున్నానే, వస్తున్నా" అంది. తలంతా పట్టించాక ఎడమ భుజం దగ్గర చెయ్యి ఆపి, "ఇక్కడ వేయనా అమ్మా?" అని అడిగింది.

"ఇవాళ వద్దు నాన్నా" అన్నాను.

"సరే" అని దువ్వెన తీసుకుని చిక్కు తీయడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వచ్చినప్పుడు చేతులు వెనక్కి కట్టుకోలేదు. ఒక చేతిలో నీళ్ళ సీసా, ఇంకో చేతిలో టిఫిను డబ్బా.